అంగడి ముందర అత్త

మా అత్త పోయి చాలా నెలలైంది. అయినా మొన్న మొన్నటిదాకా కర్నూల్లో మా ఇంట్లో, మూలగదిలోని పాత కంప్యూటర్లో, ఒక అంగడి ముందర ఆమె నిలబడే ఉండింది. వాన పడుతున్నా పక్కకు జరగలేదు. అంగడివాడు వెనక్కి పిలిచేదాకా జరగకూడదని ఆమె పంతం. ఆ అంగడివాడికి పిలవడం రాదని నేనెంత చెప్పినా నమ్మలేదు. నేను చెప్పిన మాట ఆమె నమ్మిన సందర్భం ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు కాబట్టి, దీనికి మాత్రం ప్రత్యేకంగా నొచ్చుకోలేదు.

ఈ మధ్య సిస్టం బాగుచేసే అతను వచ్చి మూత విప్పి చూసి, "సార్, ఇది మరీ పాతబడిపోయింది. అంతా తుడిచేసి కొత్తగా ఎక్కిస్తాం" అన్నాడు. తుడిచేయడం అన్న మాట వినగానే నా చెయ్యి మౌసు మీదికి పోయింది. "వద్దులేప్పా, అందులో మా మనిషి ఒకరుండారు" అన్నాను. అతను నా మొహం వైపు, తర్వాత మానిటర్ వైపు, మళ్ళీ నా మొహం వైపు చూశాడు. ఆ చూపు నాకు కొత్తేం కాదు. మా ఇంటి పిల్లలందరం అత్త అనుమానపు చూపు కిందే పెరిగాం.

అత్త అంటే మా నాయనకు అక్క. రాయచోటిలో మా తాత పెట్టిన చీరల అంగడిని తాత తర్వాత ఆమే నడిపింది. భర్త తొందరగా పోయాడు, పిల్లల్లేరు. ఆమె గురించి వరసగా చెప్పుకోవాల్సింది ఇంతే. మిగతాదంతా అనుమానమే.

అంగడికి తాళం వేసి ఒకసారి గుంజేది. నాలుగడుగులు పోయి మళ్ళీ వచ్చి గుంజేది. దారిన పోయే తెలిసినవాళ్ళెవరైనా కనిపిస్తే, "ఏమప్పా, ఒకసారి నువ్వు గూడా గుంజి సూడు" అనేది. పాపం అతను గుంజి, "గట్టిగానే ఉండాదమ్మా" అని పోయేవాడు. అతను మలుపు తిరిగాక అత్తకు కొత్త బెంగ పట్టుకునేది. "అంత బాగా గుంజినాడేమిరా వాడు? తాళాల పని తెల్సినోని మాదిరి?" అని నన్నడిగేది.

ఎవరైనా నవ్వుతూ ఎదురొస్తే ఆమె చేతిసంచి చంక కిందికి పోయేది. "బాగుండారా అమ్మా?" అని పలకరిస్తే, "ఎందుకడుగుతాండావు?" అనేది. చీర బాగుందని మెచ్చుకుంటే, "ఇంతకూ నీకేం కావాల?" అనేది. పెండ్లి భోజనాల్లో లడ్డు వడ్డిస్తే రెండుగా విరిచి లోపల చూసి గానీ తినేది కాదు. లోపల ఏముంటుందని చూస్తావత్తా అని నేనొకసారి అడిగితే, "ఏముంటాదో తెలిస్తే ఇంగ ఇరిచేదెందుకు?" అంది.

ఆమె నమ్మింది ఒక్క బట్టనే. చీర అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కళ్ళు మూసుకుని, మెల్లగా రుద్దేది. అది ఏ మగ్గం మీద నేసింది, ఎన్నిసార్లు మడత విప్పింది, ఎవరి బీరువాలో పడి ఉండింది, అన్నీ ఆ రెండు వేళ్ళే చెప్పేవట. అమ్మేవాడి మాట వినకుండా బట్టనే అడగాలనేది.

వేసవి సెలవులకు రాయచోటి పోతే నాకు అంగడిలో పరుపు మీద కూర్చోవడమే కాలక్షేపం. బేరం కుదరక ఆడవాళ్ళు లేచి పోయేవాళ్ళు. అత్త వాళ్ళను పక్క అంగడి దాకా పోనిచ్చేది. అప్పుడు గొంతెత్తి, "అమ్మా, రామ్మా, ఇట్ల రా" అని పిలిచేది. వాళ్ళు తిరిగేవాళ్ళు కాదు. నడక మాత్రం కాస్త నెమ్మదయ్యేది. అత్త రెండోసారి పిలిచేది. అప్పుడు తిరిగేవాళ్ళు. ప్రతిసారీ ఇంతే. మొదటిసారికే ఎందుకు తిరగరని అడిగితే నాకు పెద్ద పాఠమే చెప్పింది.

"మొదటి పిలుపు అంగడోని నోటికి అలవాటురా. వీధిలో గాలి పోతాన్నా పిలుస్తాడు. రెండోది మాత్రం మన వీపు సూసి, అయ్యో పోతాండాదే అని పిలుస్తాడు. అదీ మనకు పిలిచిన పిలుపు. మొదటిదానికే తిరిగినావనుకో, వాని కంటికి నువ్వెప్పుడూ సులకనే."

అదే పరుపు మీద, అదే తాత దగ్గర వ్యాపారం నేర్చుకున్న మా నాయన సరిగ్గా దీనికి ఎదురు తిరిగాడు. కడపలో స్టీలు సామాన్ల అంగడి పెట్టి, గల్లాపెట్టె పైన "ఒకే ధర, బేరము లేదు" అని బోర్డు తగిలించాడు. వెళ్ళిపోయేవాళ్ళను ఆయన పుట్టి బుద్ధెరిగి వెనక్కి పిలవలేదు. "పిలిచినానంటే మొదట చెప్పిన ధర అబద్ధమని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు గదరా" అనేవాడు. ధర తగ్గించనివాడు ఏదో దాస్తున్నాడని అత్త అనుమానం. తగ్గించేవాళ్ళు మొదటే పెంచి చెప్పి ఉంటారని నాయన అనుమానం. ఒకరి అంగడిలో ఇంకొకరు ఒక్క వస్తువూ కొనలేదు.

అయినా ఏటా ఒంటిమిట్ట రాములోరి కల్యాణానికి అత్త మా ఇంటికొచ్చేది. అందరం కలిసి పోయేవాళ్ళం. అక్కాతమ్ముళ్ళిద్దరూ దారంతా పోట్లాడుకుంటూ, గుంపులో మాత్రం ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా నడిచేవాళ్ళు. తలంబ్రాలు పంచేవాడు మనకే తక్కువేసినాడని అత్త, అందరికీ ఒకే కొలతక్కా అని నాయన, తిరిగొచ్చేదాకా అదే రగడ. అంతా అయ్యాక నాయన తన పొట్లం కూడా ఆమె సంచిలో వేసేవాడు. అది చూసి కూడా ఆమె, "ఎందుకేస్తాండావు?" అని అడిగేది.

మా తమ్ముడి పెండ్లిలో అంతా చెడింది. నేను కర్నూలు నుంచి చేరేసరికే జరిగిపోయింది. అమ్మ చెప్పగా తెలిసింది. ఆడబిడ్డకు పెట్టే చీర అమ్మ అత్త చేతికిచ్చింది. అత్త అంచు రుద్దింది. కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి, "ఇది నా అంగడి చీర. నేను మీ గృహప్రవేశానికి నీకు పెట్టింది. మడత గూడా నాదే" అంది. అమ్మ కాదని దేవుని మీద ఒట్టు పెట్టుకుంది. నాయన అందరి ముందర, "అక్కా, అనుమానం నీకు రోగమైపోయింది" అన్నాడు. అత్త చీర పీట మీద పెట్టి, సంచి తీసుకుని, వాకిలి దాటి వెళ్ళిపోయింది. ఎవరూ పిలవలేదు. కోపం దిగితే తనే వస్తుందనుకున్నారట. ఆమె రాలేదు, ఆ ఏడు కల్యాణానికీ రాలేదు, మరుసటి ఏడు కూడా రాలేదు. అక్కాతమ్ముళ్ళ మధ్య ఫోన్లు కూడా లేవు. ఆ చీర ఇప్పటికీ అమ్మ బీరువాలో ఉంది. అమ్మ మంచిదే, కానీ నాలోనూ అత్త రక్తమే ఉంది కదా, అత్త వేళ్ళు చెప్పిందే నిజమని నా అనుమానం.

అటువంటి మనిషి మోకాలి ఆపరేషను కోసం కర్నూలులో మా ఇంటికి వచ్చింది. నేనే రమ్మన్నాను. ఆటో దిగుతూనే, "మీ నాయన చెప్పినాడా నన్ను పిలువమని?" అంది.

"లేదత్తా. నేనే పిలిచినా."

సంచి దించకుండా అట్లాగే నిలబడి కాసేపు ఆలోచించింది. "ఎందుకు చెప్పలా?" అంది.

ఆస్పత్రిలో ఆమె చేసిన మొదటి పని కుడి మోకాలికి ఎర్రదారం కట్టుకోవడం. "మత్తిచ్చినాక ఎడమది కోస్తే నేనెవురితో చెప్పుకునేది?" అని డాక్టర్నే అడిగింది. ఆయన నవ్వాడు. నవ్వినందుకు సంచి చంక కిందికి పోయింది. ఆపరేషను బాగానే జరిగింది. ఇంటికొచ్చాక దారం విప్పి, కుట్లు చూసుకుని, "కోసినట్టే ఉండాది" అని ఒప్పుకుంది. ఆమె నోటి నుంచి ఒక డాక్టరుకు దొరికిన పెద్ద సర్టిఫికెట్ అదే.

కర్నూలు ఎండల్లో మా ఇంట్లో కూలర్ ఉన్నది మూలగదిలోనే. నాకు కాలేజీ సెలవులు. మా ఆవిడ పొద్దున్నే తన స్కూలు పని మీద పోతే, నేనూ అత్తా ఆ గదిలోనే. ఆమె కాలు స్టూలు మీద చాపుకుని నన్ను కనిపెట్టుకుని ఉండేది. నేను చదువుకునే రోజుల్లో హాస్టల్లో పక్కగదివాడు ఆడుతుంటే భుజం మీదుగా చూసి మోజుపడిన ఆట ఒకటుంది. కత్తులు, మంత్రాలు, గుహలు, మొనదేలిన చెవుల మనుషులు ఉండే ఆట. మనం ఒక పరదేశిగా ఒక ఊళ్ళో దిగుతాం. ఊరివాళ్ళు పనులు చెబుతారు, మనం చేస్తూ బలం పెంచుకుంటూ పోతాం. అప్పట్లో నా దగ్గర సిస్టం లేదు. ఇన్నాళ్ళకు దొరికింది, మా పాత డబ్బాలో కూడా నడుస్తుందని తెలిసింది, ఎక్కించుకున్నాను.

మొదలుపెట్టగానే ఊరి మొదట్లో ఒక ముసలాయన ఎదురొచ్చి, అడవి దాటి కొండ గుహలో నా ఉంగరం పోయింది, తెచ్చిపెట్టు నాయనా అన్నాడు. ఊరికే ఒక కత్తి కూడా ఇచ్చాడు. నేను సంబరంగా పోయాను. అడవిలో తోడేళ్ళు నన్ను పీక్కుతిన్నాయి. వెనక నుంచి అత్త నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినడం అదే మొదటిసారి.

"ముసలోడు సచ్చేదానికి పంపినాడు నిన్ను. లెక్కల మాస్టరువి, ఆ మాత్రం తెలియలా? వాని ఉంగరం గుహలోకి ఎట్ల పాయ? ఆ వయసులో గుహలో వానికేం పని?"

అది నాకు తట్టనే లేదు. ఆ ఆట ఆడిన ఎంతమందికి తట్టి ఉంటుందో కూడా నాకు తెలియదు. "జరుగు, నేను సూస్తా" అని కుర్చీ దగ్గరికి లాక్కుంది. నేను బటన్లు నొక్కాలి, ఏం చేయాలో ఆమె చెబుతుంది. అట్లా మొదలైంది.

మళ్ళీ మొదట్నుంచి పెట్టి మనిషిని ఎంచుకోమంటే తెల్లజుట్టు ఆడమనిషిని ఎంచుకుంది. చెవుల మొనలు చూసి, "రోగమేమో సూడు" అంది. పేరు అడిగితే ఇవ్వనంది. "నా పేరు తీసుకోని వాడేం జేసుకుంటాడు?" పేరు లేకుండా ఆట ముందుకు పోదని బతిమాలితే, నేను పిలిచే పిలుపే ఇమ్మంది. అట్లా ఆ ఊళ్ళో దిగిన పరదేశి పేరు అత్త అయింది.

ముసలాయన మళ్ళీ కత్తి ఇవ్వబోయాడు. "ఊరికే ఇచ్చేది తీసుకోగూడదు. రేపు అది దొంగదని పోలీసులొస్తారు." ఒక కత్తివీరుడు వచ్చి, నీకు తోడుగా వస్తాను, నాకేమీ వద్దన్నాడు. "ఏమీ వద్దంటే వాని ఇల్లెట్ల గడుస్తాదో అడుగు" అంది. అడగడానికి ఆటలో వీల్లేదని చెప్పాను. "సూసినావా, అడగనీయడు." సత్రంలో సామాను పెట్టుకోవడానికి ఒక పెట్టె ఇచ్చారు. దానికి తాళం లేదు. అందుకని దొరికిన దుంపలూ రొట్టెలూ పాత చెప్పులూ అన్నీ వీపుకే ఎత్తించింది. బరువుకు ఆ మనిషి పరిగెత్తలేదు, ఈడ్చుకుంటూ నడిచేది. ఆపరేషను కాలుతో అత్త వరండాలో నడిచినట్టే నడిచేది.

ఆటలో మాటలన్నీ ఇంగ్లీషు. నేను చదివి తెలుగులో చెప్పాలి. అక్కడ కూడా ఆమెకు సందేహమే. "వాడు అంత పొడుగు రాసిండాడు, నువ్వు రెండు ముక్కల్లో తేల్చేస్తివి. మిగిలింది ఏం జేస్తివి?" అప్పట్నుంచి ప్రతి అక్షరం చెప్పాను. అప్పుడు, "వాడింత మాట్లాడడు. నువ్వేదో కలుపుతాండావు" అంది. ఆపేటప్పుడు ఆటను సేవ్ చేస్తే, యాడ దాచినావో సూపీ అనేది. తెరిచి చూపిస్తే, "ఇది ఎవురైనా ఎత్తుకోని పోవచ్చు గదా" అని నిట్టూర్చేది. నాకు విసుగు పుట్టాలి నిజానికి. పుట్టలేదు. పొద్దున లేస్తూనే ఆమె ఎవరిని అనుమానిస్తుందో చూద్దామని నాకే ఆత్రంగా ఉండేది.

అట్లా ఊరు దాటకుండానే రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆ ఊళ్ళో బట్టల అంగడి కనపడింది. అత్త కాలు స్టూలు మీద నుంచి దించింది. గోడకు ఒక పొడుగాటి ఊలు దుప్పటి వేలాడుతోంది, చలికి కప్పుకునేది. "దగ్గరికి పో" అంది. పోయాను. మానిటర్ అద్దం మీద రెండు వేళ్ళు పెట్టి రుద్దింది. ఏమీ తెలియలేదు. మొహం చిన్నబోయింది. ఆమె కళ్ళలో అనుమానం బదులు దిగులు చూసింది నేను అప్పుడే.

"సరే, బేరమాడు" అంది. ఆ ఆటలో మన ధర మనం చెప్పొచ్చు. సగానికి అడిగించింది. అంగడివాడు తల అడ్డంగా ఊపి ఒకే వాక్యం అన్నాడు. కాస్త పెంచింది. అదే వాక్యం. "లేచి రా" అంది. బయటికి నడిపించాను. వీధి మధ్యకు రాగానే, "ఆగు. వెనక్కి తిరగాకు. ఇప్పుడు పిలుస్తాడు" అంది.

"అత్తా, వాడు పిలవడు. వాడు బొమ్మ. పిలిచేటట్టు చేయలేదు వాణ్ణి."

"నీకేం తెలుసు, అంగడి నడిపినావా నువ్వు? పోతాన్నోళ్ళను పిలవని అంగడోడు ఉంటాడా యాడన్నా?"

ఉన్నాడు. కడపలో ఉన్నాడని ఇద్దరికీ తెలుసు. తెర మీద వాన మొదలైంది. తెల్లజుట్టు మనిషి అంగడికి వీపు పెట్టి, మూట మోసుకుని, తడుస్తూ నిలబడింది. ఆ పూట అన్నం తినడానికి లేచే ముందు, "ఇట్లనే ఉండనీ. కదిలించాకు" అంది.

ఆ తర్వాత ఆట ముందుకు పోలేదు. రోజూ సిస్టం పెట్టగానే, "పిలిచినాడా?" అని అడిగేది. లేదనేవాణ్ణి. "వాన తగ్గలేదేమో" అనేది. ఒకరోజు అట్లాగే తెర చూస్తూ, "ఈయప్ప మీ నాయన మాదిరుండాడు" అంది. ఆమె గొంతు తగ్గించింది. గదిలో మేమిద్దరమే ఉన్నా, ఎవరైనా వింటారేమోనని ఒకసారి తలుపు వైపు చూసింది.

"ఆ పొద్దు పెండ్లింట్లోంచి లేచి, నేను యాడికీ పోలేదురా. వీధి మూలన సోడా అంగడి ఉండాది సూడు, ఆడ నిలబడినా. చెప్పు తెగినట్టు వంగి సూసుకుంటా శానా సేపు నిలబడినా. సోడా అంగడాయప్ప రెండుసార్లు అడిగినాడు, ఏం కావాలమ్మా అని. మా ఇంట్లోంచి ఒక్క పిలుపు రాలా. ఒక్కటి. తిట్టనీ, కొట్టనీ, పిలిచింటే పోయిండేదాన్ని."

కళ్ళు తుడుచుకుందామంటే, ఎందుకేడుస్తాండావు, నీకేం కావాల అంటుందేమోనని భయపడి, కూలర్లో నీళ్ళున్నాయో లేదో చూసే నెపంతో లేచాను.

ఆమె రాయచోటికి తిరిగిపోయే రోజు అంగడి గుమాస్తా వచ్చి వెంట తీసుకుపోయాడు. కర్నూలు బస్టాండులో డ్రైవర్ని, "రాత్రి నిద్రపోయినావా అప్పా?" అని అడిగి, అతని కళ్ళు పరీక్షగా చూసి గానీ ఎక్కలేదు. ఆ బస్సు కడప మీదుగా పోతుంది, అక్కడ కాసేపు ఆగుతుంది. నేను నాయనకు ఫోన్ చేసి, బస్సు కడపకు ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పాను. "దేనికి చెప్తాండావు నాకు?" అన్నాడు. ఊరికే అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం ఆయనే చేశాడు. "పోయినారా బస్టాండుకు. అక్కా, దిగు, ఇంటికి పోదామన్యా. అంతమంది ముందర పిలిచినా, నేను. తల గూడా తిప్పలా మీ అత్త. ఇంగేం జేయాల?"

అది విని తేరుకునేలోపే అత్త ఫోన్. "మీ నాయనను నువ్వు పంపినావా?"

"బస్సు టైము చెప్పినా అంతే అత్తా. పొమ్మని చెప్పలా."

"పిలిచినాడు. ఒక్కసారి. నేను సంచి చేతిలోకి తీసుకున్యా. గుమాస్తాను గూడా లెయ్యమన్యా. ఇంగొక్క మాట అంటాడని సూస్తాండా. బస్సు కదిలిపాయ."

"మొదటిసారికే దిగింటే ఏమయ్యేదత్తా?"

"ఏమో. పిలిచింది మా తమ్ముడా, నువ్వు పంపినోడా, నాకెట్ల తెలుస్తాది? రెండోసారి పిలిచింటే వాడేనని తెలిసిండేది."

ఈ మాట నాయనకు చెప్పాను. "మా నాయన నేర్పిన పాఠం నాకు చెప్తాండావా?" అని కసిరాడు. తర్వాత, "రెండోది నోట్లో ఉండిందిరా. అందరూ నన్నే సూస్తాండ్రి. నోరు రాలా" అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "కల్యాణానికి పిలుస్తాలే. రాయచోటికే పోయి, అంగడి ముందర నిలబడి పిలుస్తా. వచ్చేదాకా పిలుస్తా" అన్నాడు. ఈ సంగతి నేను అత్తకు చెప్పలేదు. చెబితే అది నేను పంపిన పిలుపైపోయేది. ఆమె మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా, "మీ నాయన ఏమన్నా అన్నాడా?" అనీ, "ఆ అంగడోడు పిలిచినాడా?" అనీ వెంట వెంటనే అడిగేది. నేను రెండింటికీ కలిపి, "పిలుస్తాడులే అత్తా" అనేవాణ్ణి. "అంత గట్టిగా సెప్తాండావు, నీకెట్ల తెలుసు?" అనేది.

కల్యాణానికి ఇంకా చాలా రోజులుండగానే, చలికాలంలో ఒక పొద్దున, అంగడి తెరిచి, దీపం పెట్టి, చీరల కట్టకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఆమె కళ్ళు మూసుకున్నా చూస్తుంటుందని అంగట్లో అందరికీ భయం. అందుకే గుమాస్తా చాలాసేపు దగ్గరికి పోలేదట. చేతి రెండు వేళ్ళ మధ్య ఒక చీర అంచు ఉందట. నాయన వచ్చి అన్ని కార్యాలూ తన చేతుల మీద జరిపించాడు. ఒక్క కన్నీటి చుక్క రాలేదు. ఆ ఏడు కల్యాణానికి ఆయన ఒంటిమిట్ట పోలేదు.

సిస్టం తుడిచేద్దామన్నారని, నేను వద్దన్నానని, మొన్న ఫోన్లో మాటల మధ్య నాయనకు చెప్పాను. "అక్క ఇంకా ఆడనే ఉండాదా?" అని అడిగాడు. మరుసటి ఆదివారం పొద్దున్నే, చెప్పాపెట్టకుండా కర్నూలులో దిగాడు. కాఫీ తాగమంటే తర్వాత అన్నాడు. నేరుగా మూలగదిలోకి పోయి కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను ఆట తెరిచాను. అదే వీధి, అదే వాన. తెల్లజుట్టు మనిషి, వీపున మోయలేనంత మూట, వెనక తలుపు తెరిచిన అంగడి.

"ఇది నువ్వు నిలబెట్టింది కాదు గదా? మీ అత్తే నిలబెట్టిందా?" అన్నాడు నా కళ్ళలోకి చూస్తూ.

"అత్తే నాయనా."

"ఆ అంగడోడు పిలవడా?"

"పిలవడు. వానికి రాదు."

"రాక కాదులే" అన్నాడు. "పిలిస్తే తన మాట పోతాదని." కాసేపు చూశాడు. "లోపలికెట్ల పోవాల ఇది?"

ఈ బటన్ నొక్కితే తిరుగుతుంది, ఇది నొక్కితే నడుస్తుందని చూపించాను. "సరే, నువ్వు పోయి కాఫీ పెట్టుకోని రా" అన్నాడు. నన్ను పంపించేయడానికే అన్నాడని తెలుసు. వంటింట్లోకి పోయాను గానీ స్టవ్ వెలిగించలేదు. గోడకు ఆనుకుని విన్నాను.

"అక్కా" అన్నాడు నాయన. అంగడిలో ధర చెప్పే గొంతే అది. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. ఇంతే, ఇంక నోరు రాదనుకున్నాను.

"అక్కా. రాక్కా. తడుస్తాండావు, రా."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నేను గది దగ్గరికి పోయేసరికి వీధి ఖాళీగా ఉంది, తెర మీద అంగడి లోపలి దీపాలు కనపడుతున్నాయి. నాయన వేలు ఇంకా బటన్ మీదే ఉంది. అత్త అంగడివాడి బల్లకు తగులుకుని, పోవడానికి చోటు లేకపోయినా, అక్కడే అడుగులు వేస్తూ ఉంది.

"లోపలికొచ్చేసింది నాయనా. ఇంక వదులు" అన్నాను.

"రెండోదానికి తిరిగిందిరా" అన్నాడు నాయన. వేలు మాత్రం తీయలేదు.